పోయిన వస్తువుల బల్ల

బ్రాడ్‌ఫర్డ్‌లో సెప్టెంబరు చివరి శనివారం.
యూనివర్సిటీ పచ్చిక మీద శాంతి పండుగ.
వాన పడదు, మానదు,
జల్లించిన పిండిలా గాల్లోనే తచ్చాడుతుంది.
నాకిచ్చిన పని చిన్నది:
పోయిన వస్తువుల బల్ల దగ్గర కూర్చుని
దొరికినవి పుస్తకంలో రాయడం.

పదకొండయ్యేసరికి చేరినవి:
ఎడమ చేతి తొడుగు,
ప్లాస్టిక్ గొర్రెపిల్ల వేలాడే ఇంటి తాళాలు,
కట్టుడు పళ్ళ డబ్బా, దేవుడి దయవల్ల ఖాళీది,
"ఇక చాలు" అని రాసిన అట్ట.
ఏది చాలో రాయలేదు.
తిప్పి చూస్తే అరటిపళ్ళ పెట్టె.

అవతలి గుడారంలో గొడవ.
యుద్ధాలు వద్దనేవాళ్ళకీ
ఆయుధాల కంపెనీల్లో మన ఫీజుల డబ్బు వద్దనేవాళ్ళకీ
కరెంటు ప్లగ్గు ఒక్కటే.
మైకు పెట్టాలా, టీ కెటిలా?
పసుపు జుట్టు టోబియాస్ ఒక తీర్మానం చదివాడు.
కుట్టుపని సంఘం నస్రీన్ ఆపా
తీర్మానం పూర్తయ్యేదాకా వింది,
కెటిల్ పెట్టింది.
ఇది యార్క్‌షైర్.

మోరీన్ ఆక్‌రాయిడ్ వచ్చింది, ఎనభై మూడేళ్ళు.
"నా విజిల్ కనబడిందా, ఇత్తడిది?"
లేదన్నాను. కుర్చీ లాక్కుని కూర్చుంది.
క్షిపణుల కంచె పక్కన
ఒక చలికాలమంతా పాలిథిన్ కింద పడుకున్న మనిషి.
పోలీసులు నలుగురు చేతులూ కాళ్ళూ పట్టి లేపితే
అందులో ఒకడు వాళ్ళ వీధివాడేనట,
"ఒళ్ళు చేశావు మోరీన్" అన్నాడట.
"మరి క్షిపణులు?"
"పోయాయి.
ఎక్కడికి పోయాయో నీ పుస్తకంలో ఉందేమో చూడు."

మధ్యాహ్నం పొడవాటి గుడ్డ తెచ్చారు.
పాత దుప్పట్లు, కర్టెన్లు, ఎవరిదో పెళ్ళి లంగా అంచు
కలిపి కుట్టింది నస్రీన్ ఆపా బృందం.
నలభై భాషల్లో ఒకే మాట రాయాలి.
తెలుగు నాకిచ్చారు, లావు పెన్నుతో సహా.

"శాంతి" రాయబోయి ఆగాను.
హిందీ, గుజరాతీ, బెంగాలీ ముందే రాసేశాయి,
ఆ మాటే మూడుసార్లు చొక్కా మార్చుకుని నిలబడింది.
మా ఇంట్లో శాంతి అంటే
గ్రహాలకి చేయించేది.
మా బడిలో శాంతి అంటే
రెండో బెంచీలో కూర్చుని అందర్నీ గిల్లే పిల్ల.

అమ్మమ్మకి ఆ మాటతో పని పడలేదు.
జ్వరం దిగిన నుదుటి మీద చెయ్యేసి
"నెమ్మదించింది" అనేది.
పాలు పొంగబోతే, నేను మెట్లు దూకబోతే,
అరుగు మీద మగాళ్ళ గొంతులు లేస్తే,
"నెమ్మది."

అదే రాశాను.
చినుకు పడి మ కింది వత్తు కాస్త చెదిరింది.

"అంటే?" అడిగింది మోరీన్.
రెండర్థాలన్నాను. ఒకటి, కుదుటపడడం.
రెండోది, నిదానం.
"రెండోది నాకు బాగా తెలుసు" అంది,
బిస్కట్టు టీలో విరిగిపడింది,
చెంచాతో వెతుక్కుంది.

గ్రేట్ హార్టన్ రోడ్డు దిగుతూ ఊరేగింపు.
ఒక మూల నేనూ పట్టుకున్నాను.
వెనక హాలిఫాక్స్ బస్సు ఆగిపోయింది.
డ్రైవరు ఇంజను ఆపి, చేతులు కట్టుకుని, నవ్వాడు.
కిటికీలోంచి ఒకాయన మాత్రం అరిచాడు,
"నాకు మూడింటికి డయాలసిస్!"
డోలు ఆగింది.
ఎవరి దగ్గరా దానికి నినాదం లేదు.
ఆపా చెయ్యెత్తితే అందరం గోడవారకి ఒదిగాం,
గుడ్డ సగానికి మడిచాం.
నా మాట మడత లోపలికి పోయింది.
బస్సు వెళ్ళిపోయింది.

సాయంత్రం బల్ల మీద మిగిలినవి తొడుగు, అట్ట.
పుస్తకంలో చివరి వరస రాశాను:
ఇత్తడి విజిల్, ఒకటి. దొరకలేదు.
కొట్టేయలేదు, ఖాళీ వదిలాను.

అసలు వాన అప్పుడు మొదలైంది.
అట్ట నెత్తిన పెట్టుకుని బస్టాపు దాకా నడిచాను.
"ఇక చాలు" మబ్బుకేసి చూస్తోంది.
అట్ట కింద, నా వైపు,
అరటిపళ్ళ వాసన.